మలుపు మూలలో కాస్మోస్ మడి

ఆ ఆఫీసుకు రెండు గేట్లు. ఒకటి లోపలికి రావడానికి, ఇంకొకటి బయటికి పోవడానికి. బయటికి పోయే గేటు పక్కన, దారి వెళ్ళి రోడ్డులో కలిసే మూలలో, పన్నెండు అడుగుల పూల మడి ఒకటి ఉంది. ఏడేళ్ళుగా ఆ మడిలో పూలు మార్చే పని పూలక్కది.

ఆమె అసలు పేరు కాగితాల మీద మాత్రమే ఉంటుంది. కట్టుకున్నవాడు కూడా పూలక్కా అనే పిలుస్తాడు. ఇంటి వెనక పచ్చటి వల కింద నారు పోసి పెంచుతుంది. ఏడాదికి మూడుసార్లు పదకొండు చోట్ల పాత మొక్కలు పీకేసి కొత్తవి నాటుతుంది. అందులో రెండు బ్యాంకులు, ఒక పెట్రోలు బంకు, ఈ ఆఫీసు, మిగతావన్నీ ఇళ్ళు. భర్త వ్యాన్ తోలుతాడు, ట్రేలు ఎక్కిస్తాడు, దించుతాడు. "ఆవిడ వేర్లు చూస్తుంది, నేను గేర్లు చూస్తాను" అంటుంటాడు ఎవరైనా అడిగితే.

గేటు పక్కన మోకాలి ఎత్తు దాటే మొక్క పెట్టకూడదు. ఇది పూలక్క పని నేర్చుకున్న మొదటి వారంలోనే నేర్చుకున్న సంగతి. బండి తోలేవాడికి రోడ్డు కనపడాలి, నడిచేవాడికి బండి కనపడాలి. అందుకని ఆ మూలలో ఎప్పుడూ పొట్టి జినియాలో, నేలబారుగా పాకే గడ్డి గులాబీలో వేసేది. ఆ సీజనులో మాత్రం జినియా నారు మొదలు కుళ్ళి రెండు రాత్రుల్లో ట్రేలకు ట్రేలే పడిపోయింది. వల కింద మిగిలినవి పొడుగు రకం కాస్మోస్. ఎవరింటి వెనక గోడ కోసమో పెంచినవి, ఆ ఇంటివాళ్ళు ఇల్లు మారిపోవడంతో ఉండిపోయాయి. ఇటు ఆఫీసు మేనేజరు వారం రోజుల్లో పై ఆఫీసు పెద్దవాళ్ళు వస్తున్నారని, మూల బోసిగా ఉండకూడదని తొందరపెట్టాడు.

ఒక్క సీజనుకేగా అనుకుంది పూలక్క. తలలు తుంచుతూ ఉంటే సరిపోతుందిలే అనుకుంది.

రెండుసార్లు వెళ్ళి తుంచింది. మూడోసారి వెళ్ళాల్సిన వారం బ్యాంకు మడిలో పేనుబంక పట్టింది. ఆ తర్వాత వానలు పడ్డాయి. మొక్కలు చూస్తుండగానే ఛాతీ దాకా లేచాయి. గులాబీ రంగు, తెలుపు, ముదురు ఎరుపు పూలు గాలికి ఊగుతుంటే రోడ్డున పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు. మేనేజరు స్వయంగా ఫోన్ చేసి, "ఏడేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదమ్మా, వీటిని ముట్టుకోకండి" అన్నాడు. పూలక్క ముట్టుకోలేదు.

అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని మడి పక్కన గట్టు మీద కూర్చుని తినేది. పూలక్క కలుపు తీస్తుంటే ప్రతి మొక్క పేరూ అడిగి చీటీ మీద రాసుకునేది.

"ఇవన్నీ ఎందుకమ్మా మీకు?" అంది పూలక్క ఒకసారి.

"ఇంటి ముందు వేద్దామని అక్కా. మా ఆయనది కళ్ళద్దాల షాపు. ఊరందరికీ చూపు సరిచేస్తాడు గానీ, ఇంటి ముందు జానెడు నేల బోడిగా పడుందని మాత్రం ఆయనకు కనపడదు."

అంతకు మించి వాళ్ళ మధ్య పరిచయం లేదు.

అది మంగళవారం. పూలక్క వల కింద కూర్చుని నారుమొక్కలు విడదీస్తుంటే ఫోన్ మోగింది. మేనేజరు. "గేటు దగ్గర మడి కొంచెం పాడైందమ్మా, వీలు చూసుకుని వచ్చి సర్దండి" అన్నాడు. తర్వాత, "మన రిసెప్షన్ ఆవిడ పోయింది. పొద్దున తొమ్మిదికి. కారు" అన్నాడు. ఆ వరసలోనే చెప్పాడు. పాపం, ఏది ముందు చెప్పాలో ఆయనకూ తెలియలేదు.

పూలక్క ఫోన్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న ట్రే పూర్తి చేసింది. నూట నాలుగు గుంటలు. ఒక్క మొక్క విరగలేదు.

మర్నాడు వెళ్ళింది. జరిగిందేమిటో కాపలా మనిషి చెప్పాడు. ఆవిడ సైకిలు మీద వస్తోంది. లోపలికి వచ్చే గేటు చేరాలంటే బయటికి పోయే గేటు ముందునుంచే రావాలి. లోపల పని ముగించుకున్న ఒకాయన కారులో బయటికి వచ్చాడు. తెల్ల గీత దగ్గర ఆగాల్సింది, పూర్తిగా ఆగలేదు. పోలీసులు టేపు పెట్టి కొలిచి, రాసుకుని వెళ్ళారు.

"ఆయన ఏమన్నాడు?" అంది పూలక్క.

"ఏమంటాడు? కనపడలేదండీ, కనపడలేదండీ అని ఒకటే ఏడుపు. అందరూ అనేదే కదా!"

కాపలా మనిషి అటు వెళ్ళాక పూలక్క దారి మధ్యలోకి వెళ్ళింది. కారు సీటులో మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి, తెల్ల గీత దగ్గర నిలబడి రోడ్డు వైపు చూసింది. మడిలో సగం నలిగిపోయింది, సగం నిలబడే ఉంది. నిలబడ్డ సగం వైపు చూసింది. పూలు కనపడ్డాయి. రోడ్డు కనపడలేదు. రెండడుగులు ముందుకు వేసి చూసింది. అప్పుడూ కనపడలేదు. మూడో అడుగు వేశాక రోడ్డు కనపడింది. అప్పటికి ఆమె రోడ్డు మీదే ఉంది.

అంటే ఆయన గీత దగ్గర ఆగినా కనపడేది కాదు.

వెనక్కి వచ్చి మొక్కలన్నీ పీకేసింది. మన్ను చదును చేసింది. వ్యాన్‌లో వేసిన మొక్కల మీద పూలు ఇంకా వాడలేదు.

ఏడుపు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. రాత్రి పడుకుంటే నిద్ర పట్టింది, పొద్దున లేస్తే ఆకలేసింది. ఒళ్ళంతా మత్తు మందు ఇచ్చినట్టు ఉంది. పన్ను పీకేముందు చిగురుకి సూది వేస్తే, వేలితో నొక్కినా మనది కాదనిపిస్తుందే, అలాగ. పని మానలేదు. విత్తనాలు నానబెట్టింది, ట్రేలు కడిగింది, బ్యాంకుకు వెళ్ళింది, పెట్రోలు బంకుకు వెళ్ళింది. వెళ్ళిన ప్రతి చోటా మూల మడుల్లో ఉన్నవి ఎంత పూస్తున్నా సరే, మోకాలు దాటినవాటిని కత్తిరించింది. బంకు ఓనరు లబోదిబోమన్నాడు. ఆమె కత్తెర ఆపలేదు.

పదిరోజుల తర్వాత భర్త వ్యాన్ పక్కకు తీసి ఆపాడు.

"నువ్వు నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. నేనేమన్నా చేశానా? చేసుంటే చెప్పు, లెంపలేసుకుంటాను. చెయ్యకపోయినా చెప్పు, వేసుకుంటాను."

ఆమె చెప్పింది. జినియా నారు కుళ్ళడం దగ్గర నుంచి మూడో అడుగు దాకా చెప్పింది. సరుకుల జాబితా చదివినట్టు చెప్పింది.

అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టి చాలాసేపు విన్నాడు. "నువ్వేమన్నా బండి తోలావా?" అన్నాడు చివరికి. "పూలు నాటావు. అంతేగా. అతను చూసుకుని తోలాలి. ఇలా తవ్వుకుంటూ పోతే ఎవరం బతకలేం."

"ఊఁ" అంది.

అతను మంచి మాటే చెప్పాడు. ఆ మాట వచ్చి ఆమె మీద నుంచి జారి కింద పడిపోయింది. వ్యాన్ కదిలింది.

నెల దాటాక మేనేజరు పిలిపించాడు. ఆయన గదిలో గోడకు పోయినావిడ ఫోటో ఉంది. మనిషి చెడ్డవాడు కాదు, కళ్ళ కింద గుంటలు పడి ఉన్నాయి.

"మా వాళ్ళందరం అనుకున్నామమ్మా. ఆ మూలలో ఆవిడ గుర్తుగా మడి పెట్టాలని. చిన్న రాయి మీద పేరు చెక్కిస్తాం. పూలు మాత్రం అవే కావాలి, ఆవిడకు ప్రాణంగా ఉండేవే, ఆ పొడుగువి."

"పొట్టివి వేస్తాను సార్."

"పొట్టివి కాదమ్మా. ఆవిడ పొట్టివాటి గురించి ఎప్పుడన్నా మాట్లాడిందా? ఆ కాస్మోసే."

"ఆ మూలలో పొడుగువి వేయకూడదు సార్. నేను వేశాను. వేయబట్టే ఆయనకు ఆవిడ కనపడలేదు. నేను వంగి చూశాను."

మేనేజరు ముఖంలో రంగు మారింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. తిరిగి వచ్చి కూర్చోలేదు.

"కోర్టులో కేసు నడుస్తోంది. ఆయన ఆగలేదని పోలీసులే రాశారు. మీరు ఈ మాట ఇంకెవరితోనన్నా అన్నారా?"

"మా ఆయనతో."

"ఇక అనకండి. మీ మంచికే చెబుతున్నా. మా మంచికి కూడా, దాచేదేముంది. ముట్టుకోవద్దని ఫోన్ చేసింది నేనే కదా." గొంతు సవరించుకున్నాడు. "సరే, పొట్టివే వేయండి. అసలు ఇప్పుడేమీ వద్దు. తర్వాత చూద్దాం."

బయటికి వస్తూ ఆమె తనలో ఏమన్నా కదిలిందా అని చూసుకుంది. భయం లేదు. బరువు దిగినట్టూ లేదు. ఒక మాట నోట్లోంచి బయటికి వచ్చింది, అంతే.

ఆ వారంలోనే కళ్ళద్దాల షాపాయన ఫోన్ చేశాడు. మెల్లగా, ప్రతి మాటా తుడిచి పెడుతున్నట్టు మాట్లాడాడు. భార్య సంచి సర్దుతుంటే పూల పేర్ల చీటీ దొరికిందట. ఆఫీసులో అడిగితే ఈ నంబరు ఇచ్చారట. "ఇంటి ముందు వేయించమని మూడేళ్ళు పోరింది. చూద్దాంలే అన్నాను. మీరు వచ్చి వేస్తారా?"

రాలేనని చెప్పడానికి నోరు తెరిచింది పూలక్క. "ఆదివారం వస్తాను" అని వచ్చింది బయటికి.

అది రెండు గదుల ఇల్లు. వీధి వైపు ఆరడుగుల వెడల్పున నేల. ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సున్నం పెళ్ళలు, ఒక పాత చెప్పు. ఇంట్లో ఆయన, ఆయన అత్తగారు ఉంటారు. కూతురు పోయాక అల్లుడింట్లో ఉండటమేమిటని చుట్టాలు అంటున్నారట. ఆవిడే ఆ సంగతి చెప్పింది, మొదటి పది నిమిషాల్లోనే. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, కాళ్ళు వాచి ఉన్నాయి.

"పొమ్మనడానికి ఆయనకు నోరు రాదు. పోవడానికి నాకు కాళ్ళు రావు. అదీ మా సంసారం. ఇటుక అక్కడ పెట్టకమ్మాయ్, తట్టుకుని పడతాడు."

వ్యాన్‌లో వచ్చిన భర్త మొక్కలు దించి వెళ్ళిపోయాడు. పూలక్క గునపంతో నేలను జానెడు లోతున గుల్ల చేసింది. ఇటుక ముక్కలు ఏరింది. ఎరువు కలిపింది. కళ్ళద్దాలాయన చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆఫీసు పేరున్న కాగితం. కాస్మోస్, జినియా, కోడిజుట్టు, గడ్డి గులాబి. 'పిటూనియా' అన్న మాటను మూడు రకాలుగా రాసి రెండు కొట్టేసి ఉంది. చివర, కింద, "పూలక్కని అడగాలి: ఎండ ఎంత?" అని.

"ఎండ ఎంత కావాలి?" అన్నాడాయన, ఆ వాక్యం చూపించి. జవాబు దొరికితే ఎవరికో చేరవేయాల్సినవాడిలా అడిగాడు.

"ఆరు గంటలు. ఇక్కడ సరిపోతుంది."

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. ఆమెకు ఒకటి, అత్తగారికి ఒకటి. అత్తగారికి చక్కెర లేనిది. పెద్దావిడ ఒక గుక్క తాగి, "స్టేషన్లో ఆ కారువాణ్ణి చొక్కా పట్టుకున్నాడమ్మాయ్, ఈయన" అంది. "చీమకు దారిచ్చే మనిషి. వాడు కనపడలేదు కనపడలేదు అంటుంటే చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. నాకు ఆ రోజు అన్నం సయించింది."

"ఊరుకోండి అత్తయ్యా."

"ఎందుకూరుకోవాలి? పట్టపగలు సైకిలు మీద వచ్చే మనిషి కనపడలేదా? కళ్ళు లేవా? వాడికి కళ్ళద్దాలు నువ్వే ఇవ్వాల్సింది."

పూలక్క టీ గ్లాసు మట్టి మీద పెట్టింది. చేతులు చూసుకుంది. వేళ్ళ సందుల్లో ఎరువు ఎండిపోయి ఉంది.

"నిజంగానే కనపడలేదండీ ఆయనకు" అంది.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఆ మూలలో కాస్మోస్ వేసింది నేను. అక్కడ అంత ఎత్తువి వేయకూడదు. నాకు తెలుసు. తెలిసే వేశాను, వేరే నారు లేక. తుంచుతూ ఉండాల్సింది, వెళ్ళలేదు. మర్నాడు నేను కారులో కూర్చున్నంత ఎత్తుకు వంగి చూశాను. గీత దగ్గర ఆగినా రోడ్డు కనపడదు. రోడ్డు మీదకు వచ్చాకే కనపడుతుంది."

వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేశారు. అది రెండు మూడుసార్లు దగ్గి అంటుకుని వెళ్ళిపోయింది.

కళ్ళద్దాలాయన కింద కూర్చోలేదు, అరవలేదు. తన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే అతను చెప్పింది నిజమా?" అన్నాడు.

"నిజం."

"నేను కొట్టాను."

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు వేసుకున్న చప్పుడు కూడా కాలేదు. పెద్దావిడ మాత్రం కుర్చీలో అలాగే ఉంది.

"మాకెందుకు చెప్పావు?" అంది.

"ఆ పూలే కావాలని పిలిచారు. చెప్పకుండా ఎలా నాటను?"

"చెప్పి మాత్రం ఎలా నాటుతావు?"

పూలక్క సామాను సంచిలో వేయడం మొదలుపెట్టింది. మన్ను తవ్వే బొరిగె, చేతి తొడుగులు, నీళ్ళ క్యాను. ట్రేల్లో మొక్కలు ఎండకు తలలు వాల్చాయి.

"ఏం చేస్తున్నావు?"

"వెళ్తాను పిన్నిగారూ."

"అవి చచ్చిపోతాయిగా."

"అవును."

పెద్దావిడ వాటి వైపు చాలాసేపు చూసింది. "ఇంట్లో ఇంకో చావు నేను చూడలేను, మొక్కదైనా సరే" అంది. "నాటి పో. తర్వాత నీ ముఖం చూడాలో వద్దో నేను ఆలోచించుకుంటాను."

పూలక్క మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. గోడ వైపు కాస్మోస్, ముందు జినియా, అంచున గడ్డి గులాబి. ముప్పై ఆరు మొక్కలు. ప్రతి మొక్క చుట్టూ బొటనవేళ్ళతో మన్ను అదిమింది. పెద్దావిడ కళ్ళు ఒక్కసారి కూడా ఆమె చేతుల మీద నుంచి పక్కకు పోలేదు. నీళ్ళు పోసి లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు. "నాకు చూపించండి" అన్నాడు. ఏమిటని ఆమె అడగలేదు.

ముగ్గురూ వ్యాన్‌లో వెళ్ళారు. మడి ఖాళీగా ఉంది. పూలక్క నాలుగు వెదురు కర్రలు పాతి, మొక్కలు ఎంత ఎత్తు ఉండేవో అంత ఎత్తున వాటి మీద గోనె పట్టా కప్పింది. భర్త వ్యాన్ దిగి, కాపలా మనిషిని బతిమాలి, లోపల ఆపి ఉన్న ఆఫీసు కారు అడిగి తెచ్చాడు. కారు సీటు ఎత్తు వేరు కదా అని. అంత పట్టించుకున్నాడని పూలక్క అనుకోలేదు.

కళ్ళద్దాలాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గీత దగ్గర కారు ఆపాడు. పూలక్క భర్త కాపలా మనిషి సైకిలెక్కి రోడ్డు మీద దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారి గంట కొడుతూ వచ్చాడు.

"గంట వినపడింది" అన్నాడు కళ్ళద్దాలాయన కారు కిటికీలోంచి. "మనిషి కనపడలేదు." తర్వాత, "తనకు గంట కొట్టే అలవాటు లేదు. జనం ఉలిక్కిపడతారని" అన్నాడు.

స్టీరింగ్ మీద నుదురు ఆనించాడు. పూలక్క కిటికీ పక్కన నిలబడి ఉంది. ఓదార్చడానికి తనకు హక్కు లేదని తెలుసు, వెళ్ళిపోవడానికీ లేదని తెలుసు. గోనె పట్టా గాలికి టపటపలాడింది. ఆమె పట్టా అంచు పట్టుకుంది, చప్పుడు కాకుండా.

"పోలీసులకు చెప్పాలి" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"చెప్తాను."

"మీకు ఇబ్బంది అవుతుంది."

"అవనీండి."

స్టేషన్‌కు ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు ఫైలు తెప్పించుకుని ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు.

"వేరే చోట్ల కత్తిరిస్తున్నాను."

అతనికి అర్థం కాలేదు. అయినా రాసుకున్నాడు. మర్నాడు మనుషులను పంపి మళ్ళీ కొలిపించాడు. తర్వాత జరిగినవి నెలల తరబడి మెల్లగా జరిగాయి. కారాయన ఆగకపోవడం తప్పేనని, దారి కనపడకుండా ఉన్నమాటా నిజమేనని కాగితం మీదికి రెండూ ఎక్కాయి. ఆయనకు శిక్ష తగ్గింది. పూలక్కకు, ఆఫీసుకు మందలింపు వచ్చింది. మేనేజరు ఫోన్ చేసి, ఇక మీదట రానక్కర్లేదని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మూలలో గులకరాళ్ళు పరిచారు. ఇంకో రెండు చోట్లా ఆమెను మానిపించారు. బంకు ఓనరు మాత్రం తన బంకు మూలలన్నీ మళ్ళీ చూసి వెళ్ళమని కబురు పెట్టాడు.

కారాయన దగ్గరకు కళ్ళద్దాలాయన ఒకరోజు ఒంటరిగా వెళ్ళొచ్చాడట. "వెళ్ళొచ్చాను" అన్నాడు, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదని పెద్దావిడ తర్వాత చెప్పింది.

మొక్కలు నాటాక పెద్దావిడ ఆలోచించుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఫోన్. హలో లేదు, బాగున్నావా లేదు. "ఆకుల మీద తెల్లగా బూడిదలా పట్టింది. వచ్చి చూడు."

వెళ్ళింది. అప్పటి నుంచి పదిహేను రోజులకోసారి వెళ్ళేది. వాడిన పూలు తుంచేది, కలుపు తీసేది. ఆయన షాపు నుంచి రాకముందే వచ్చేసేది. ఒకటి రెండుసార్లు గుమ్మంలో ఎదురుపడ్డాడు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు, పలకరించలేదు. పెద్దావిడ మాత్రం మాట్లాడుతూనే ఉండేది, మోకాళ్ళ గురించి, చుట్టాల గురించి, నీళ్ళ కుళాయి గురించి. కూతురి గురించి ఎప్పుడన్నా ఒక ముక్క. చిన్నప్పుడు మన్ను తినేదట. "ఇప్పుడు చూడు" అంది ఒకసారి, అని ఆగిపోయింది. పూలక్క కలుపు తీస్తూనే ఉంది.

కాస్మోస్ బాగా వచ్చాయి. కిటికీ దాకా వచ్చాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పూలక్క వాటిని చూసినప్పుడల్లా ఏదన్నా అనిపిస్తుందేమోనని ఒక క్షణం ఆగేది. ఏమీ అనిపించేది కాదు. పూలు పూల లాగే ఉండేవి. ఇంటికి వెళ్ళాక భర్త, "ఎలా ఉన్నాయి?" అంటే, "బాగున్నాయి" అనేది. అతను తన వైపు చూస్తున్నాడని తెలిసేది. అతను జోకులు తగ్గించాడని కూడా ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు తనే, "ఏంటి, గేర్లు చూడటం మానేశావా?" అంది. అతను బ్రేకు వేసినంత పని చేశాడు.

సీజను అయిపోయింది. కాండాలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. పీకడానికి ఆదివారం రమ్మంది పెద్దావిడ. పూలక్క కొత్త నారు రెండు ట్రేలు కూడా తెచ్చింది. ఒకదానిలో పాన్సీలు, ఇంకోదానిలో బంతి. మొక్కలు పీకుతుంటే వెనక నుంచి ఎవరో సంచి మూతి తెరిచి పట్టుకున్నారు. తల తిప్పి చూసింది. ఆయన.

ఇద్దరూ మాట్లాడకుండా పని చేశారు. ఆమె పీకింది, మన్ను దులిపింది, ఆయన సంచిలోకి తోశాడు. విత్తనాలున్న ఎండు తలలు కొన్ని పక్కన పెట్టబోయి ఆయన వైపు చూసింది. ఆయన అడ్డంగా తల ఊపాడు. అవీ సంచిలోకే వెళ్ళాయి.

మడి ఖాళీ అయ్యాక పూలక్క బంతి ట్రే ఎత్తింది.

"బంతి వద్దు" అంది పెద్దావిడ కుర్చీలోంచి. "ఆ వాసన మా ఇంట్లో పడదు. అమ్మాయికి అసలు పడేది కాదు, తల పట్టుకునేది. ఇంకేదన్నా వెయ్యి."

"ఉండనీండి అత్తయ్యా" అన్నాడాయన.

"ఏం ఉండనిచ్చేది? పడదంటుంటే?"

"తనకు పడదు. నాకు ఇష్టం."

పెద్దావిడ అల్లుడి వైపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "బంతిపూలా? పదహారేళ్ళలో ఒక్కసారన్నా అనలేదేం?"

"అనేంత పెద్ద విషయమా అది?"

"కాదా మరి? నాకు తలనొప్పి వస్తే?"

"వస్తే గోడ వైపు వేయిద్దాం. మీ కుర్చీ ఇటు జరుపుతాను."

"కుర్చీ జరిపితే నాకు వీధి కనపడదు."

"కనపడేలా జరుపుతాను."

"ఎలా జరుపుతావు, ఈ గుమ్మం ఉంది చూశావా, దీనికి అడ్డంగా..."

ఆవిడ గొంతు పెరిగింది. ఆయన గొంతూ కొంచెం పెరిగింది. కుర్చీ ఇటు లాగి చూశారు, అటు లాగి చూశారు. పూలక్క ట్రే పట్టుకుని ఎండలో నిలబడింది. ట్రే బరువుకు మోచేతులు లాగుతున్నాయి. కింద పెట్టొచ్చు, పెట్టలేదు. వాళ్ళు ఏదో ఒకటి తేల్చుకునేదాకా అలాగే నిలబడింది.